బాయిలర్ కోడి వేసవి విహారం

మే నెలలో మనం గడప దాటాలంటే నెత్తిన టోపీ, చేతిలో మజ్జిగ సీసా, కార్లో ఏసీ ఉండాలి. బాయిలర్ కోడిగారికి అవేవీ అక్కర్లేదు. వారికి స్వేదగ్రంథులే లేవు కాబట్టి చెమట పట్టే చీకాకూ లేదు. ఒంటి వేడి మామూలు రోజుల్లోనే 41 డిగ్రీలు. వేడెక్కితే నోరు తెరిచి రొప్పాలి, అంతే. రెంటచింతలలో పాదరసం 45 తాకిన రోజున బయటి గాలే ఒంటికన్నా వేడి. కోస్తా ఉక్కపోతలోనైతే రొప్పినా పెద్దగా లాభం లేదు. చెమటోడ్చని, టికెట్టడగని, ఫిర్యాదు చెయ్యని ప్రయాణికులు ఇంతకన్నా ఎక్కడ దొరుకుతారు?

షెడ్డులో ఉన్నన్నాళ్లూ కొత్తల్లుడి మర్యాదే. రైతు రేకుల మీద కొబ్బరి మట్టలు పరుస్తాడు, చుట్టూ గోనెపట్టాలు తడిపి కడతాడు, తాగే నీళ్లలో ఎలక్ట్రోలైట్ పొడి కలుపుతాడు. ఆరు వారాలకు రెండు కిలోలు తూగగానే మర్యాద ముగిసింది. పేగులు ఖాళీ కావాలని కోతకు కొన్ని గంటల ముందే మేత తీసేస్తారు. పట్టేవాళ్లొచ్చి చేతికి నాలుగైదు చొప్పున కాళ్లు పట్టుకుని, తలకిందులుగా మోసుకెళ్లి ట్రేల్లో కుక్కుతారు. రెక్క విరిగినా, తుంటి జారినా కంగారెందుకు? ఎలాగూ ముక్కలు కొట్టేదేగా!

లారీ పరిగెత్తినంతసేపూ కాస్త గాలాడుతుంది. ఆగిందో, నడిమి వరసల ట్రేలు కొలిమే. డ్రైవరు దాబా దగ్గర చెట్టునీడ వెతుక్కుంటాడు, తన మంచానికి. లారీ మాత్రం ఎండలో. దారిలో పోయినవి మోర్టాలిటీ కింద, దాహంతో ఎండి తగ్గిన బరువు తరుగు కింద రాసేస్తారు. పుస్తకంలో బరువుకి ఖాతా ఉంది, బాధకి లేదు.

చట్టం లేదనుకునేరు! జంతువుల రవాణా నిబంధనల్లో 2001లోనే కోళ్లకు చోటిచ్చారు. ఎక్కించే ముందు మేత, నీళ్లు పెట్టాలి. ట్రేలో తొట్టి ఉండాలి. ఎండాకాలం ఆరు గంటలకోసారి నీళ్లు పట్టాలి. చదువుతుంటే కోడిజన్మ మీద అసూయ పుడుతుంది, మన ఎర్రబస్సులో ఈ యోగం ఏది? జంతువుని హింసిస్తే 1960 నాటి చట్టం ఊరుకోదు. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఆ సొమ్ముకి ఇవాళ పావుకిలో స్కిన్‌లెస్ కూడా రాదు.

ఎద్దు పుండు కాకికి నొప్పా అని మనం నిశ్చింతగా ఉంటాం గానీ, ఆ పుండు మన గిన్నెలోకీ వస్తుంది. కోతకు ముందు ఎండకు విలవిల్లాడిన కోడి కండలో ఆమ్లం త్వరత్వరగా పెరుగుతుంది. మాంసం పాలిపోయి, మెత్తబడి, నీళ్లు కారుస్తుంది. ‘కూర ఇంత నీళ్లోడుతోందేం?’ అని మనం మండిపడేది వండిన ఇల్లాలి మీద.

పొద్దువాలాక ఎక్కించడం, ట్రేకి రెండు కోళ్లు తగ్గించడం, లారీని నీడన ఆపడం, షాపు బోను మీద తడి గోనె, లోపల నీళ్ల గిన్నె. వీటికి రాకెట్ శాస్త్రమేమీ అక్కర్లేదు. కాటాలో యాభై గ్రాములు తగ్గితే షాపువాణ్ణి కడిగేసే మనం, ‘బోనులో నీళ్లేవయ్యా?’ అని ఒక్క ఆదివారం అడిగిచూద్దాం. అతను జవాబిచ్చేలోపే క్యూలో వెనకాయన అందుకుంటాడు: ‘ముందు కొట్టనివ్వండి సార్, ఎండకి చస్తున్నాం ఇక్కడ!’