మోడళ్ల మాస్టారు

కాకినాడలో పేటకొకాయన ఉంటారు. బడిలో లెక్కలు చెప్పో, బ్యాంకులో లెక్కలు రాసో రిటైరై ఉంటారు. పిల్లలు అమెరికాలో, బీపీ అదుపులో, వైఫై అరచేతిలో. మబ్బు పట్టినా తలెత్తి ఆకాశం చూడరు. చూడాల్సిందంతా ఫోన్లో ఉందాయె. అసలు పేరేదైనా జనం మాత్రం మోడళ్ల మాస్టారనే అంటారు.

అమెరికా వాళ్ళ జీఎఫ్ఎస్ అనే కంప్యూటర్ మోడల్ రాబోయే వాతావరణాన్ని రోజుకు నాలుగుసార్లు లెక్క కడుతుంది. మాస్టారు నాలుగూ చూస్తారు. దాన్ని 'కుర్రాడు' అంటారు, కాస్త తొందరపాటు మనిషన్నట్టు. యూరోపియన్ మోడల్‌ది మాత్రం 'పెద్దాయన' హోదా. మన సాయంత్రం అయిదున్నర నాటి గాలి, తేమ, పీడనం తీసుకుని పెద్దాయన కట్టిన లెక్క తెర మీదికి రావడానికి ఇంచుమించు అర్ధరాత్రవుతుంది. అందాకా మాస్టారింట్లో లైటు ఆరదు.

కుర్రాడు పదహారు రోజుల దాకా చూపిస్తాడు. చిక్కంతా అక్కడే. నవంబరులో ఏ పద్నాలుగో రోజునో బంగాళాఖాతంలో ఊదారంగు సుడి ఒకటి కనిపిస్తుంది. మాస్టారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని, కాలం గీత మీద చూపుడువేలు జరుపుతూ, సుడిని వెనక్కీ ముందుకీ నడిపిస్తారు. మచిలీపట్నం దగ్గర ఆపి, గుటక మింగి, "బంగాళాఖాతం లక్షణం బాగోలేదోయ్" అంటారు. ఆరు గంటలు గడిచి కొత్త లెక్క వచ్చేసరికి సుడి మయన్మార్ వైపు తిరుగుతుంది. మర్నాటికి అసలుండదు.

1977 దివిసీమ ఉప్పెన నాటి కబుర్లు చెవులారా విన్న మనిషి, తుఫాను రావాలని కోరుకుంటారా? చచ్చినా కోరుకోరు. కానీ తెర మీద సుడి మాయమైన రోజున ఆయన మొహం చూడాలి. "పారేశాడయ్యా, కుర్రాడు మళ్ళీ పారేశాడు" అంటూ కాఫీ చల్లారబెట్టుకుంటారు. ఈ జబ్బు మాస్టారికొక్కరికే లేదు, మోడళ్లు చూసే ప్రతివాడికీ ఉంది. రెండు మోడళ్లు రెండు మాటలు చెబితే, కాస్త గట్టిగా భయపెట్టేదే నిజమనిపిస్తుంది.

ఎవరైనా వెక్కిరిస్తే 2014 తీస్తారు. ఆ అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది, అక్కడే తాకుతుందని రోజుల ముందే చెప్పారు కదా అని. అంతకు ముందేడు నవంబరులో వచ్చిన లెహర్ ఊసు మాత్రం ఎత్తరు. అది అతి తీవ్ర తుఫానై బయల్దేరి, మచిలీపట్నం చేరేసరికి నీరసించి వాయుగుండంగా మిగిలింది.

అసలు సంగతి ఆయనకు తెలుసు. ఒకనాటి వాతావరణాన్ని ఎవరూ పూర్తిగా కొలవలేరు. మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా పదో రోజుకు అది వందల కిలోమీటర్ల తేడా కావచ్చు. అందుకే పెద్దాయన మొదటి కొలతలను కొంచెం కొంచెం మార్చి, ఒకే లెక్కను 51 రకాలుగా కడతాడు. 51 దారులూ మొదట జడలా కలిసి ఉండి, పోనుపోనూ విప్పినట్టు చెదిరిపోతాయి. ఎంత చెదిరితే మాట అంత అనుమానం. మాస్టారు ఇది వివరించేసరికి అడిగినవాళ్ళు సందు చివర ఉంటారు. ఇంట్లో ఇల్లాలితోనూ అంతే.

"ఇవాళ వడియాలు పెట్టనా?"

"నలభై శాతం వానకు అవకాశముంది."

"అంటే?"

"ఇలాంటి రోజులు పదొస్తే ఆరింట్లో ఎండుతాయి."

"నేను పెట్టేది ఒక్కరోజే కదండీ!"

లెక్కల మాస్టారి దగ్గర దీనికి జవాబు లేదు. నన్నడిగితే ఏ మోడల్ దగ్గరా లేదు.

ఇంత గందరగోళం మనిషీ డిసెంబరు మొదట్లో ఒక్కసారి మారిపోతారు. వరి కోత కోస్తే పనలు నాలుగు రోజులు చేలో ఎండాలి. తడిస్తే గింజ మొలకెత్తుతుంది. పల్లె నుంచి రైతు ఫోను చేసి, "మాస్టారండీ, కోతకి మనుషుల్ని పిలిచేమంటారా?" అని అడుగుతాడు. అప్పుడు కుర్రాడి ఊసుండదు, పదహారో రోజు ఊసుండదు. నాలుగు రోజుల మేర 51 దారులూ చూసి, వాతావరణ శాఖ బులెటిన్ తెరిచి సరిపోల్చుకుని, "ఆగు. శుక్రవారం దాటాక కోయించు" అని ఫోను పెట్టేస్తారు. శాతం మాటే ఎత్తరు.

కాబట్టి మీ పేటలోనూ ఇలాంటాయన ఉంటే, రెండు వారాల తర్వాత జరగబోయే పెళ్ళికి షామియానా కావాలా అని మాత్రం అడగకండి. నాలుగైదు రోజుల్లోపు సంగతైతే నిశ్చింతగా అడగండి. అర్ధరాత్రైనా మొహమాటపడొద్దు, మేలుకునే ఉంటారు.