మొజార్ట్ ఉత్తరం మీ గోడ మీద

పాశ్చాత్య సంగీత మహామహులు స్వదస్తూరీతో రాసిన ఉత్తరాలు సేకరించాలంటే చదువు, ఓపిక, సంగీత జ్ఞానం కావాలని కొందరు భయపెడతారు. పట్టించుకోకండి. డబ్బుంటే చాలు. అప్పు తెచ్చిన డబ్బయితే మరీ మంచిది, ఆలోచించే తీరిక ఉండదు. ఇక మొదలెట్టండి.

1. చదవడం నేర్చుకోకండి. మొజార్ట్, బీతోవెన్ జర్మన్ ఉత్తరాలు రాసింది కురెంట్ అనే పాత గొలుసుకట్టు లిపిలో. ఇప్పటి జర్మన్లకే అది కొరుకుడుపడదు. బీతోవెన్ చేతిరాత సంగతి సరేసరి. ఇది మీకు వరం. అర్థంకాని గీతలన్నీ బీతోవెన్‌వే అనుకోవచ్చు. లోపల ఏముందో అమ్మేవాడే చదివి పెడతాడు. "అమర ప్రేయసికి రాసిందండీ" అన్నాడా, బేరమాడకండి. 1812 నాటి ఆ ఉత్తరం బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో ఉంది కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, "ఇది రెండో కాపీ, పోస్టులో పోతుందేమోనని రాసి దాచుకున్నాడు" అనండి.

2. కవరూ, స్టాంపూ ఉంటేనే తీసుకోండి. మొజార్ట్ పోయింది 1791లో, ఆస్ట్రియాలో తపాలా బిళ్ళ వచ్చింది 1850లో. అయితే ఏం? అంత గొప్పవాడికి ముందే ఇచ్చి ఉంటారు. ఆ రోజుల్లో సాధారణంగా కాగితాన్నే మడిచి, లక్క ముద్ర వేసి, వీపు మీద చిరునామా రాసేవారు. అలాంటివాటికి మడతల దగ్గర మురికి, లక్క ఊడదీసినచోట చిరుగు ఉంటాయి. అంత డబ్బు పోసి చిరుగులెవరు కొంటారు?

3. కాగితం పాతదైతే రాత కూడా పాతదే. ఇంతకంటే పరీక్ష అక్కర్లేదు. మిలాన్‌కి చెందిన టోబియా నికోత్రా ఈ సూత్రం మీదే బతికాడు. పాత పుస్తకాల్లోంచి ఖాళీ కాగితాలు చింపుకొచ్చి, వాటి మీద పెద్దల పేరుతో రాసి అమ్మాడు. 1934లో జైలు పాలయ్యాడు గానీ, అంతవరకూ కొన్నవాళ్ళందరూ హాయిగానే ఉన్నారు. వెలుగుకి ఎదురుగా పట్టి నీటిముద్ర చూడమనేవాళ్ళని గడప తొక్కనివ్వకండి. అతినీలలోహిత దీపం అసలు కొనొద్దు. ఈ కాలపు తెల్ల కాగితం దాని కింద నీలంగా మెరిసిందంటే మీ మనశ్శాంతి పోతుంది.

4. ఎవరి చేతుల మీదుగా వచ్చిందని అడగకండి. ఎవరైనా మిమ్మల్ని అడిగితే చెప్పడానికి మాత్రం సాకులు సిద్ధంగా ఉంచుకోండి. లాకర్లో ఉంది, తాళం మా ఆవిడ దగ్గరుంది, ఇంట్లో సున్నాలు వేస్తున్నారు. షోపేన్ డెల్ఫీనా పొటొట్స్కాకి రాసిన ఉత్తరాలంటూ 1945లో పోలండ్‌లో ఒకావిడ బయటపెట్టింది. చూపింది నకళ్ళే, అసలువి ఎవరికీ చూపించలేకపోయింది. అయినా పండితులు దశాబ్దాల తరబడి వాటి మీద కొట్టుకున్నారు. అసలు సరుకు లేకుండానే అంత పేరు!

5. పొరపాటున నిజమైనదే దొరికిందనుకోండి. కంగారుపడకండి, దానికీ విరుగుడుంది. ఆ కాలపు సిరా మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి చేసింది. ఆమ్లం కదా, మెల్లగా కాగితాన్నే తినేస్తుంది. అక్షరాలున్నచోట చిల్లులు మిగులుతాయి. గాలిలో తేమ ఉంటే పని ఇంకా త్వరగా అవుతుంది. కాబట్టి ఫ్రేము కట్టించి స్నానాలగది పక్క గోడకి, పడమటెండ సూటిగా పడేచోట తగిలించండి. అంతకుముందు మడతలు పోయేలా ఇస్త్రీ చేయండి. చిరుగులకి వెనకనుంచి సెలోటేపు అంటించండి. నాలుగేళ్ళలో దాని జిగురు పచ్చబడి ముందుకి ఊరుతుంది, ఉత్తరానికి పురాతన కళ వస్తుంది. తొందరగా ఉంటే లామినేషన్ చేయించండి. అదే షాపులో రేషన్ కార్డు కూడా చేయించుకోవచ్చు.

6. కత్తిరించండి. సంతకం ఒకరికి, తేదీ ఒకరికి, మధ్యలో నాలుగు లైన్లు ఇంకొకరికి. మొజార్ట్ భార్య కాన్‌స్టాంజె కూడా ఆయన రాతప్రతుల ముక్కలు అభిమానులకి జ్ఞాపికలుగా పంచింది. ఇంటావిడే ఇచ్చాక మీకేం మొహమాటం? ఉత్తరంలో పిల్లలు చూడకూడని మాటలుంటే, పినతండ్రి కూతురికి మొజార్ట్ రాసినవాటిలో బోలెడున్నాయి, నల్ల మార్కరుతో కొట్టేయండి. కాన్‌స్టాంజె రెండో భర్త నిస్సెన్ కూడా కొన్ని పేర్లు అలాగే సిరాతో కొట్టేశాడంటారు.

7. స్టెఫాన్ జ్వైగ్‌ని ఆదర్శంగా తీసుకోకండి. పెద్ద రచయిత, పాపం. రాతప్రతులు వెతికి, చదివి, కొట్టివేతల్లో సృష్టి ఎలా సాగిందో చూస్తూ కూర్చునేవాడు. చివరికి ఆయన వారసులు 1986లో సేకరణని బ్రిటిష్ లైబ్రరీకి ఇచ్చేశారు. ఊరికే! ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు చూస్తున్నారు. మీ దగ్గరికి బాన్ నగరంలోని బీతోవెన్-హౌస్ లాంటివాళ్ళెవరైనా ఒక్క స్కాన్ అడిగితే, ఫొటో తీస్తే ధర పడిపోతుందని చెప్పి పంపించేయండి.

8. అమ్మేటప్పుడు వేలంపాట సంస్థ జోలికి పోకండి, అక్కడ కూపీలు లాగుతారు. కొత్తగా డబ్బు చేసిన చుట్టాన్ని చూసుకోండి. రసీదు ఇవ్వకండి. ఆయన పరీక్షకి పంపుతానంటే మాత్రం మొహమాటపడకుండా హెచ్చరించండి: "ఫ్రేము విప్పకు బావా, టేపుతోపాటు సంతకం ఊడొస్తుంది."