తాత, దుంగ, టీ: టీకా తాత్పర్య సహితం

మూలం (ఆటవెలది)

చలికి రైలు నిద్ర శాలలోఁ బోవగా
పారఁ బట్టి తాత పట్టె దారి
కుళ్ళు దుంగ తీసి కొత్తదానినిఁ జేర్చి
వేడి టీనిఁ ద్రాగ వీడె నలుపు

అవతారిక: ఇంగ్లండు వాయవ్య మూలన, కంబ్రియాలో, రేవెన్‌గ్లాస్ అనే తీరపు ఊరి నుంచి ఎస్క్‌డేల్ లోయలోకి 7 మైళ్ళు పోయే బుల్లి రైలు ఒకటుంది. పట్టాల మధ్య ఎడం 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. 1875లో ఇనుప ఖనిజం మోయడానికి 3 అడుగుల గేజితో పుట్టింది. 1913లో మూతపడింది. 1915లో బాసెట్-లోక్ అనే ఆయన బృందం చేతుల్లో 15 అంగుళాలకు చిక్కి మళ్ళీ లేచింది. 1960లో వేలానికి వస్తే అభిమానులు సంఘం కట్టి, కలిగినవారి సొమ్ము తోడు తెచ్చుకుని దక్కించుకున్నారు. ఆ సంఘంవారు నేటికీ జీతగాళ్ళ సరసన జీతం లేకుండా పనిచేస్తారు. జనం పలచబడే చలికాలంలో వారు చేసే పని ఈ పద్యానికి వస్తువు. మూలకర్తా వ్యాఖ్యాతా నేనే కనుక మెచ్చుకోలుకు లోటు రాదు.

ప్రతిపదార్థం: చలికి = శీతకాలం వల్ల; రైలు = ఇంజను, పెట్టెలు; శాలలోన్ = షెడ్డులో; నిద్రపోవగా = కదలక ఉండగా; తాత = పెద్దాయన; పారన్ + పట్టి = పార చేతపట్టుకుని; దారి పట్టెన్ = పట్టాల వెంట నడిచెను; కుళ్ళు దుంగ = పట్టాల కింద అడ్డంగా ఉండే పుచ్చిన స్లీపరు; తీసి = ఊడబెరికి; కొత్తదానినిన్ + చేర్చి = మరొకటి అమర్చి; వేడి టీనిన్ + త్రాగన్ = టీ తాగగా; అలుపు = బడలిక; వీడెన్ = తొలగెను.

విశేషాలు: 'నిద్ర' అన్నది లాంఛనానికి. నీరు గడ్డకడితే ఉబ్బి గొట్టాలను పగలగొడుతుంది కనుక ముందు ఇంజనులోని నీళ్ళన్నీ వంపేయాలి. తర్వాత బాయిలరు బిరడాలు విప్పి, నీటి ధారతో లోపలి మడ్డి కడగాలి. 1894లో మ్యూరియల్ పేరుతో పుట్టి తర్వాత రివర్ ఇర్ట్‌గా మారిన ఇంజను ఇక్కడే ఉంది. ఆ వయసువారికి ఏటా ఈ మాత్రం వైద్యం తప్పదు.

'తాత' ఎవరికి తాత అని శంక. ఇటువంటి రైళ్ళ దగ్గర పదవీ విరమణ చేసినవారే ఎక్కువగా కనబడతారు కనుక ఇది బంధుత్వం కాదు, హోదా. ఇరవయ్యేళ్ళ కుర్రాడు వచ్చినా నడుం పట్టుకున్న క్షణాన అతనికీ వర్తిస్తుంది.

'కుళ్ళు' అంటే ఇక్కడ అసూయ కాదు. కర్ర స్లీపరుకు పుచ్చు ముందుగా పట్టేది పట్టా కింద, మేకు దిగిన చోట. ఆ రంధ్రంలో వాన నీరు నిలుస్తుంది. పైకి గట్టిగానే కనిపించే దుంగ సుత్తితో కొడితే డొల్లగా పలుకుతుంది, మేకు వేళ్ళతోనే ఊడి వస్తుంది. మార్చేటప్పుడు పట్టాను కదిలించరు. దుంగకు అటూ ఇటూ కంకర తవ్వి, బిగింపులు విప్పి, దాన్ని పక్కకు లాగుతారు. బురద పట్టిన కంకర దాన్ని వదలదు. గునపంతో ఎగదోస్తే అడుగున నల్లటి నీళ్ళు ఊరతాయి. తాత మోకాళ్ళ మీద కూర్చుని ఆ గాడిని చేత్తో శుభ్రం చేసి, కొత్త దుంగను జొనిపి, పట్టాకు ఆనేదాకా లేపి, కంకరను దాని కిందికి పొడుస్తాడు. ఇది సరిగా చేయకపోతే రైలు ఎక్కినప్పుడల్లా దుంగ కిందికి దిగి బురదను పైకి చిమ్ముతుంది. చివరగా గేజి కడ్డీ పెట్టి ఎడం చూస్తాడు.

ఇంత చిన్న రైలుకు ఇంత చాదస్తమా అని పూర్వపక్షం. సమాధానం: 381 మిల్లీమీటర్లలో 10 తప్పితే, అదే నిష్పత్తిలో మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజిలో 44 తప్పినట్టు. రైలు చిన్నదైన కొద్దీ తప్పు పెద్దది. దీన్ని బొమ్మ రైలనేవారు ఒక్క పూట కంకర పొడిచి మాట్లాడాలి.

పాఠభేదం: చివరి పాదాన్ని కొందరు 'వీడె నలుపు' అని విరిచి, టీ తాగగానే చేతుల నలుపు పోయిందని అర్థం చెప్పవచ్చు. అది అగ్రాహ్యం. గ్రీజు మరక సబ్బుకే లొంగదు, టీకి లొంగుతుందా?

ఛందస్సు: ఆటవెలదిలో సూర్యగణాలు పదహారు, ఇంద్రగణాలు నాలుగు. ఎస్క్‌డేల్‌లో లెక్క తలకిందులు. ఎగువన స్కాఫెల్ కొండలకు అవతలి పక్కనున్న సీత్‌వెయిట్‌లో ఏడాదికి 3 మీటర్లకు పైగా వాన పడుతుంది, ఇంద్రుడిదే రాజ్యం. అందుకే శీతకాలపు పనిలో సగం కాలవలు తీయడమే. పద్యంలో ఆ ప్రస్తావన లేకపోవడం కవి లోపమే. యతి కోసం దుంగను పట్టుకుని కాలవను వదిలేశాడు.

అలంకారం: స్వభావోక్తి. అతిశయోక్తికి బలమైన అవకాశం 'టీ' దగ్గర ఉన్నా కవి వాడుకోలేదు.

తాత్పర్యం: చలికి రైలు షెడ్డులో పడుకుంటే తాత పార తీసుకుని వెళ్ళి, పుచ్చిన స్లీపరు మార్చి, టీ తాగి సేదదీరాడు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని ముప్పూటలా పఠించినవారికి టికెట్టులో రాయితీ లేదు. ఎండాకాలంలో పిల్లలతో వెళ్ళినప్పుడు పెట్టె కుదుపు లేకుండా సాగితే, ఒక్కసారి కిందికి, దుంగల వైపు చూడండి.