పూడూరు చేరిన పార్టిజాన్ నక్షత్రం

నా వీపు మీద ఒక అంకె చెక్కి ఉంది. పేరు లేదు. నన్ను కోటు మీద పెట్టుకొని తిరిగిన మనిషి పేరు నాకు తెలుసు కానీ ఇక్కడ చెప్పను. రుజువుగా చూపించే కాగితం లేకుండా ఒక మనిషి పేరు చెప్పడం నాకు నచ్చదు. ఆ కాగితం ఎలా పోయిందో మాత్రం చెప్తాను.

నేను యుగోస్లావియా దేశపు పతకాన్ని. పార్టిజాన్ నక్షత్రం, మూడో తరగతి. నడుమ ఎర్ర ఎనామెల్ నక్షత్రం, దాని చుట్టూ కిరణాలు, ఒకదాని మీదుగా ఒకటి పోయే రెండు తుపాకులు. నా పై తరగతులవాళ్లకు తుపాకుల బదులు ఆకుల దండ ఉంటుంది, ఒకరికి బంగారు రంగుది, ఇంకొకరికి వెండిది. వెనుక మర, దానికి గుండ్రటి నట్టు. నన్ను పెట్టుకోవాలంటే కోటుకు చిల్లు పెట్టాల్సిందే. ఇప్పుడు నా కాపురం వికారాబాద్ జిల్లా పూడూరులో, తాండూరు బండలు పరిచిన ఒక ఇంట్లో, చెక్క బీరువా రెండో సొరుగులో.

1941 ఏప్రిల్ 6న హిట్లర్ సైన్యం యుగోస్లావియా మీద పడింది. రాజు దేశం విడిచి వెళ్లాడు. కొండల్లో, అడవుల్లో టిటో నాయకత్వాన పార్టిజాన్లు తిరగబడ్డారు. 1943 ఆగస్టు 15న, ఇంకా యుద్ధం నడుస్తుండగానే, వాళ్లు తమ సొంత పతకాలను ప్రకటించారు. ప్రజావీర, పార్టిజాన్ నక్షత్రం, ప్రజా విమోచన, సోదరత్వం–ఐక్యత, సాహస పతకం, అన్నీ ఆ రోజు పుట్టినవే. పుట్టినవంటే కాగితం మీద. గాయాలకు కట్టే గుడ్డకే కరువున్న అడవిలో వెండి ఎక్కడిది, టంకశాల ఎక్కడిది? అందుకే మాలో తొలి తరంవాళ్లం మాస్కో టంకశాలలో తయారయ్యాం. నా వెనుక ఆ టంకశాల గుర్తు రష్యన్ అక్షరాల్లో ఉంది. తరువాతి కాలంలో జాగ్రెబ్‌లోని ఇకోమ్ కర్మాగారం నాలాంటివాళ్లను చేసింది. పనితనం వాళ్లదీ మంచిదే కానీ సేకరించేవాళ్లు ముందు వెతికేది మాస్కో గుర్తునే.

నా మనిషి సరాయెవోవాడు. యుద్ధం అయ్యాక ట్రామ్ షెడ్డులో పనికి కుదిరాడు. సంవత్సరంలో మూడు నాలుగు పండుగలకే నన్ను బయటికి తీసేవాడు. జూలై 4 యోధుల దినం, నవంబరు 29 గణతంత్ర దినం, డిసెంబరు 22 సైన్య దినం. మిగతా రోజులన్నీ నేను, నా కాగితం ఒకే డబ్బాలో. ఆ కాగితం మీద ఆయన పేరు, తండ్రి పేరు, నా అంకె, సంతకం, ముద్ర ఉండేవి. మనిషికీ పతకానికీ ఉన్న బంధం అంతా ఆ ఒక్క ముక్కలోనే. ఆయన టిటో కన్నా ముందే పోయాడు. 1980 మే 4న టిటో పోయినప్పుడు నా మనిషి కూతురు డబ్బా తెరిచి నన్ను కాసేపు చేతిలో పట్టుకొని ఏడ్చింది.

1992 వసంతంలో ఆ ఊరి చుట్టూ కొండల మీద ఫిరంగులు మోహరించాయి. ముట్టడి 1996 ఫిబ్రవరి దాకా, దాదాపు నాలుగేళ్లు నడిచింది. నీళ్లు లేవు, కరెంటు లేదు. చలికాలంలో జనం ముందు పార్కుల్లో చెట్లు నరికారు, తరువాత కుర్చీలు, బల్లలు, ఆఖరికి పుస్తకాలు పొయ్యిలో పెట్టారు. నా కాగితం ఆ పొయ్యిలోనే పోయింది. ఆ కూతురిని నేను తప్పుపట్టను. బిడ్డకు కాస్త వేడి ఇవ్వడానికి ఒక తల్లి చేసిన పని అది. నేను లోహాన్ని కాబట్టి మిగిలాను. తరువాత ఒక రోజు రొట్టె కోసం నన్నూ అమ్మేసింది. ఆ రోజు నుంచి నాకు అంకె ఒక్కటే దిక్కు.

బాష్‌చార్షియా అని సరాయెవోలో పాత బజారు ఉంది. మన చార్మినారు గల్లీల మాదిరి ఇరుకు వీధులు, రాగి పనివాళ్ల సుత్తి చప్పుళ్లు. యుద్ధం అయ్యాక అక్కడి పనివాళ్లు ఫిరంగి గుండ్ల తొడుగుల మీద పూలు చెక్కి పూలకుండీలుగా అమ్మారు. వాటి పక్కనే ఒక గుడ్డ మీద మమ్మల్ని పోశారు. రాజుల కాలంవాళ్లు, టిటో కాలంవాళ్లు, సైన్యపు నలభై ఏళ్ల పండుగకు 1981లో ఇచ్చినవాళ్లు, అందరం కలిసి ఒకే కుప్ప.

1995 డేటన్ ఒప్పందం తరువాత బోస్నియాలో ఐక్యరాజ్యసమితి పోలీసు దళం పనిచేసింది. వాళ్ల చేతుల్లో తుపాకులు ఉండేవి కావు. అక్కడి పోలీసుల పనిని గమనించడం, తర్ఫీదు ఇవ్వడం వాళ్ల ఉద్యోగం. చాలా దేశాల నుంచి వచ్చారు, భారతదేశం నుంచీ వచ్చారు. వాళ్లలో పూడూరు మనిషి ఒకడు ఆ గుడ్డ ముందు గొంతుక్కూర్చొని, కుప్పలోంచి నన్ను ఏరాడు. ఏ దేశంవాడివని బజారు ముసలాయన అడిగాడు. ఇండియా అనగానే, “నెహ్రూ, టిటో!” అని రెండు చూపుడువేళ్లూ జత చేసి చూపించాడు. 1961 సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో ఇరవై అయిదు దేశాలు కూర్చున్న అలీనోద్యమ తొలి సమావేశం ఆ తరానికి గుర్తుంది.

ఆయన నన్ను కొన్నది నెహ్రూ కోసం కాదు, తన నాయిన కోసం. సూయజ్ గొడవ తరువాత 1956 నవంబరులో ఐక్యరాజ్యసమితి గాజా, సినాయ్‌లలోకి శాంతిసేనను పంపింది. అందులో భారత సైనికులు ఉన్నారు, యుగోస్లావ్ సైనికులూ ఉన్నారు. యుగోస్లావులు అల్ అరీష్ వైపు, మనవాళ్లు గాజా వైపు. ఈయన నాయిన అక్కడ పనిచేసి వచ్చాడు. ఎండాకాలం రాత్రులు వాకిట్లో మంచం మీద పడుకొని ఇసుక తుపానుల ముచ్చట, తన పక్కన కాపలా కాసిన ఆ ఎర్ర నక్షత్రం టోపీలవాళ్ల ముచ్చట చెప్పేవాడు. అది వింటూ పెరిగిన పిల్లవాడికి సరాయెవో బజారులో నా ఎరుపు కనబడితే చెయ్యి ఆగుతుందా?

నాయిన తెచ్చుకున్న శాంతిసేన పతకం ఇప్పుడు నా పక్క గూట్లో ఉంది. కంచు బిళ్ల, వెనుక ‘శాంతి సేవలో’ అని ఇంగ్లిషులో ఉంటుంది. ఇసుక రంగు రిబ్బను, మధ్యలో లేత నీలం పట్టీ. తొంభై రోజులు సేవ చేసినవారికి ఇచ్చారు. దాని మీదా పేరు లేదు. కానీ దానికి నా గతి పట్టలేదు. ఎందుకంటే దాని పక్కనే అదే మనిషికి వచ్చిన ‘రక్షా మెడల్ 1965’ ఉంది. భారత సైన్యంలో ఒక మంచి అలవాటు కొనసాగింది. పతకం అంచున సైనికుడి నంబరు, పేరు, దళం చెక్కుతారు. ఒకనాడు మనుమరాలు సొరుగు ముందు కూర్చుంది.

“తాతా, గీ ఎర్ర బిళ్ల ఎవరిది?”

“తెల్వదు బిడ్డా. నంబరున్నది గని పేరు లేదు.”

“మరి గిది?”

“నువ్వే సదువు. అంచు మీద సూడు.”

ఆ పిల్ల భూతద్దం పట్టి, పతకాన్ని వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. చిన్న చిన్న ఇంగ్లిషు అక్షరాలు, కొన్ని అరిగినవి. అంకెలు దాటి, హోదా దాటి, ముత్తాత పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు పెరిగింది. “మన ఇంటి పేరే తాతా!” అని అరిచింది. పక్క గూట్లో పడుకున్న నాకు ఆ అరుపు ఎంత అసూయ పుట్టించిందో చెప్పలేను.

నన్ను తెచ్చాక ఆయనకు ఈ పని మీద మనసు పడింది. యుగోస్లావియా పతకాలను కాలం వారీగా సర్దడం నేర్చుకున్నాడు. రాజుల కాలం ఒక వరస. తెల్ల గద్ద, సెయింట్ సావా పతకాలు 1883లో పుట్టాయి, కరాజార్జి నక్షత్రం 1904లో, యుగోస్లావ్ కిరీటం 1930లో. వాటిలో ఆయన దగ్గరున్నది ఒక్కటే, అల్బేనియా స్మారక పతకం. 1915 చలికాలంలో సెర్బియా సైన్యం, సామాన్య జనం మంచు కొండల మీదుగా అల్బేనియా దాటి సముద్రం వైపు నడిచారు. దారిలో ఆకలికి, చలికి వేలకు వేలు పోయారు. బతికి బయటపడ్డ సైనికుల కోసం వచ్చిన పతకం అది. రిబ్బను ఆకుపచ్చ, నల్ల చారలు. అది ఈ ఇంటికి వచ్చిన రోజు ఆయన రాత్రి చాలాసేపు దీపం ఆర్పలేదు.

టిటో కాలంలోనూ ముందు, వెనుక తేడాలున్నాయి. పతకం మీద దేశపు చిహ్నం ఉంటే అందులో మండే కాగడాలు లెక్కపెట్టాలి. అయిదు ఉంటే 1963కు ముందుది, ఆరు ఉంటే తరువాతది. ముందు అయిదు జాతులకు అయిదు, తరువాత ఆరు గణతంత్రాలకు ఆరు. చిహ్నం చిన్నదైతే భూతద్దం కింద కూడా కళ్లు చెమర్చే దాకా చూడాలి. దేశం పేరు కుదించి రాసిన అక్షరాలు కూడా అదే ఏడాది మారాయి.

దొంగ సరుకూ ఉంది. నాలాంటివాళ్ల నకళ్లు బజారులో తక్కువేమీ కాదు. అసలు ఎనామెల్ అంటే కొలిమిలో కాల్చిన గాజు. సూదిమొన తాకితే జారుతుంది, గీత పడదు. దెబ్బ తగిలితే చిన్న పెచ్చుగా లేస్తుంది. నా ఎడమ కోణం చివర అలాంటి పెచ్చు ఒకటి లేచింది. రంగు పూసిన నకలైతే సూదికి గోరువెచ్చని మైనంలా గీత పడిపోతుంది. అంకెల తీరు కూడా చూస్తారు. నిజాయితీగా చెక్కిన అంకెల లోతులో ఏళ్ల మురికి ఉంటుంది.

ప్రజావీర పతకం మాత్రం ఆయన కొనడు. అది 1,322 మందికే ఇచ్చారు. ‘1941 పార్టిజాన్ స్మారకం’ తొలి ఏడాదే తిరుగుబాటులో చేరినవారిది, 27,629 మందికి వచ్చింది. ఒక్కొక్కదాని వెనుక ఎవరున్నారో వెతికి పట్టుకోగల పతకాలు అవి. అలాంటివి ఆ దేశాల్లో, ఆ కుటుంబాల దగ్గర ఉండాలన్నది ఆయన మాట. నాకది చాలా గౌరవంగా తోస్తుంది.

హైదరాబాదు వెళ్లినప్పుడల్లా జుమ్మెరాత్ బజారు తిరగనిదే ఆయన బస్సెక్కడు. ఒకసారి అక్కడ ఇత్తడి తాళాలు, పగిలిన గడియారాల నడుమ రెండో ప్రపంచ యుద్ధం నాటి పతకం దొరికింది. అంచున హైదరాబాద్ రెజిమెంట్ అని ఉంది. ఆ 19వ హైదరాబాద్ రెజిమెంటే 1945 అక్టోబరులో కుమావ్ రెజిమెంట్ అయింది. అమ్మేవాడు దాన్ని తూకం లెక్కన బేరం పెట్టాడు. బర్మా, మలయా ఎక్కడెక్కడ నడిచాయో ఆ కాళ్లు! వాటి గుర్తు ఇప్పుడు గ్రాములుగా మిగిలింది. నేను కోపం ఆపుకోలేని చోటు ఇదే. సరాయెవోలో యుద్ధం వచ్చింది కాబట్టి నా కాగితం పొయ్యిలో పడింది. ఇక్కడ ఏ ముట్టడీ లేదు. అయినా పేర్లు కంసాలి మూసలో కరిగిపోతున్నాయి.

ఇంకో నష్టం ఇంట్లోనే జరుగుతుంది. మన్నెగూడ వైపు నుంచి ఒక ముసలమ్మ తన పెనిమిటి పతకాలు కొంగులో కట్టుకొని వచ్చింది. తళతళ మెరుస్తున్నాయి. ప్రతి దసరాకూ ఇత్తడి బిందెలతో పాటు వాటినీ చింతపండు పెట్టి తోమిందట. ప్రేమతో చేసిన పని. కానీ ఏళ్ల తరబడి తోముడుకు అంచు మీది అక్షరాలు చదవరాకుండా అయ్యాయి. ఆయన ఆమెకు ఒక్క మాట అనలేదు. పెనిమిటి డిశ్చార్జి బుక్కు తెమ్మని చెప్పి, అందులోని నంబరు, దళం, పేరు అన్నీ ఒక కాగితం మీద రాసి, పతకాలతో కలిపి నూలు గుడ్డలో చుట్టి ఇచ్చాడు. “పైలంగ పెట్టు అక్కా, కోడలికి సుత చెప్పి పెట్టు” అన్నాడు. నేను చూసినంతలో ఆయన చేసిన సేకరణ పనుల్లో అదే గొప్పది. ఆ రోజు ఆయన సొరుగులోకి కొత్తగా ఏమీ రాలేదు.

ఇక మీతో ఒక మాట. మీ తాతో, నాయినో, మేనమామో సైన్యంలోనో పోలీసులోనో పనిచేసి ఉంటే, ఇంట్లో ఎక్కడో ఒక బిళ్ల ఉండే ఉంటుంది. దాన్ని చింతపండుతో గానీ పాలిష్ పొడితో గానీ తోమకండి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ప్లాస్టిక్ కవరులో బిగించకండి, చెమ్మకు పచ్చగా పడుతుంది. రిబ్బను వెలిసిపోయినా మార్చకండి. అంచు మీద ఏముందో వెలుతురులో తిప్పి చదవండి. పేరు, నంబరు, దళం, ఏ సంవత్సరం, ఎక్కడ పనిచేశారో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకోండి. డిశ్చార్జి బుక్కును, ఫోటో ఉంటే ఫోటోను దానితోనే ఉంచండి. అమ్ముకోవాల్సిన అవసరమే వస్తే తూకానికి అమ్మకండి. ఆ రాసిన కాగితంతో సహా, చదివి దాచుకునేవాడికే ఇవ్వండి.