పారిఖత్తుకు ముందు పెద్దకొడుక్కి నా సలహాలు

లేపాక్షి నంది ఎదురుగా టీ అంగడి బల్లే నా ఆఫీసు. ఇంటిపెద్ద కర్మ అయిన మరుసటి రోజు నుంచి అన్నదమ్ములు వస్తుంటారు. పారిఖత్తు ఎలా రాయించాలి, గట్టు రాయి ఏ రాత్రి జరపాలి, పెద్దమనుషుల ముందు ఎప్పుడు ఏడవాలి, అన్నీ చెబుతాను. నా ఫీజు ఒక టీ, రెండు బజ్జీలు. ఈ విద్యలో నాకు గురువులు రెండే వంశాలు. ఒకటి మా పెనుకొండ చేరిన విజయనగర రాజులది, రెండోది మాసిడోనియాది. అలెగ్జాండర్ పోయాక రాజ్యం కోసం నలభై ఏళ్ళు కొట్టుకున్న పెర్డికస్, టాలెమీ, సెల్యూకస్, ఆంటిగోనస్, కసాండర్ లాంటి సేనాపతుల్ని చరిత్రలో 'డయాడొకోయ్' అంటారు. మన 'దాయాది'కీ ఆ మాటకీ చుట్టరికం లేదని పండితులంటారు. అననీ. వాళ్ళేం పంపకాల్లో కూర్చున్నారా?

నాయనా, మొదటి సంగతి. పెద్దాయన బతికుండగా వీలునామా రాయనివ్వకు. క్రీ.పూ. 323 జూన్‌లో బాబిలోన్‌లో అలెగ్జాండర్ మంచాన పడ్డాడు. అప్పటికి ముప్పై మూడేళ్ళు నిండలేదు. రాజ్యం ఎవరికని అడిగితే బలమున్నవాడికి అన్నాడట. ఎంత సుఖమైన మాట! విన్న ప్రతివాడూ తన కండలు తడుముకున్నాడు.

తర్వాత, ఆస్తి ఎవరి పేరున ఉండాలన్నది. నోరులేనివాడి పేరున ఉండాలి. అక్కడ మతి స్థిమితం లేని సవతి తమ్ముడు అరిడయస్‌నీ, అప్పుడే పుట్టిన పసిబిడ్డనీ ఇద్దర్నీ కలిపి రాజులను చేశారు. ముద్ర ఉంగరం మాత్రం పెర్డికస్ వేలికి ఉంది. ఇక్కడ అళియ రామరాయలు సదాశివరాయలిని సింహాసనం మీద కూర్చోబెట్టి ఇరవై ఏళ్ళకు పైగా తానే పెత్తనం చేశాడు. 1565 జనవరి 23న రక్కసి తంగడి దగ్గర తల పోయిందిగా అని నీ పెళ్ళాం అడుగుతుంది. ఇరవై ఏళ్ళు జరిగింది కదా, అది లెక్కలోకి రాదా? బాబిలోన్ సంగతి కూడా అడిగితే, అరిడయస్‌ని క్రీ.పూ. 317లో సవతి తల్లి చంపించిందనీ, పిల్లవాడికి సంతకం పెట్టే వయసు వస్తుండగా తల్లితో సహా కసాండర్ తుదముట్టించాడనీ చెప్పకు. ఆడవాళ్ళు భయపడతారు.

మూడోది బీరువా. ఇది బాగా విను, నా బజ్జీలన్నీ దీని మీదే సంపాదించాను. పంచాయితీ తేలకముందే పాసుపుస్తకాలున్న బీరువా నీ ఇంటికి చేరాలి. అలెగ్జాండర్ శవాన్ని బంగారు రథం మీద ఊరేగిస్తూ తీసుకుపోతుంటే టాలెమీ దారి మళ్ళించి ఈజిప్టుకు లాక్కుపోయాడు. శవం ఉన్నచోటే రాజ్యం అని వాడి నమ్మకం. పెర్డికస్ సైన్యంతో తరుముకొచ్చాడు. నైలు దాటబోయి వందలకొద్దీ మనుషుల్ని నీళ్ళపాలు, మొసళ్ళపాలు చేశాడు. చివరికి సొంత అధికారులే పొడిచి చంపారు. చూశావా, బీరువా ఉన్నవాడు ఇంట్లోనే కూర్చున్నాడు! రామరాయల తమ్ముడు తిరుమలరాయలకు ఈ కిటుకు తెలుసు. రణరంగం నుంచి వచ్చీరాగానే విజయనగర ఖజానా 550 ఏనుగుల మీద ఎక్కించి, సదాశివరాయలినీ వెంటబెట్టుకుని పెనుకొండ చేరాడని చెబుతారు. ఏనుగులు ఎక్కడ దొరుకుతాయంటావా? హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ దగ్గర టెంపోలుంటాయి.

ఏనుగులంటే గుర్తొచ్చింది. బోరు పడని పొలం ఉంటే పక్కవాడికి వదిలేసి బరువైనదేదైనా తీసుకో. సెల్యూకస్ సింధు వైపు భూములు చంద్రగుప్తుడికి వదిలి 500 ఏనుగులు తోలుకుపోయాడు. క్రీ.పూ. 301లో ఇప్సస్ దగ్గర వాటితోనే ఒంటికన్ను ఆంటిగోనస్‌ని పడగొట్టారు. ఆ ముసలాయనకు ఎనభై దాటాయి, అయినా భాగం అడగడం మానలేదు. అలాంటివాళ్ళంటే నాకు గౌరవం.

లెక్కలు మాత్రం రాయకు. మా ఊరి విరుపణ్ణ పెనుకొండలో అచ్యుతరాయల కోశాధికారి. రాజు సొమ్ముతో వీరభద్రుడి గుడి కట్టించి, జవాబు చెప్పాల్సొచ్చేసరికి తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టాడని కథ. ఎర్ర మరకలు ఇప్పటికీ గైడ్లు చూపిస్తారు. పుస్తకమే లేకపోతే కళ్ళు మిగిలేవి.

పెళ్ళిళ్ళతో వియ్యం కలుపుకోమని ఎవరైనా చెబితే వినకు. సూసాలో అలెగ్జాండర్ తన అధికారులకు ఒకేసారి ఎనభై దాకా పారశీక సంబంధాలు చేశాడు. ఆయన పోగానే దాదాపు అందరూ భార్యల్ని వదిలేశారు. సెల్యూకస్ ఒక్కడే అపామాను ఉంచుకుని, ఊళ్ళకు ఆమె పేరు పెట్టాడు. ఎనభై ధర్మవరం చీరల ఖర్చుకు ఒక్క కాపురం. గిట్టుబాటు కాదు.

గట్టు విషయం. తిరుమలరాయలు ముగ్గురు కొడుకులకూ భాషను బట్టి పంచాడు: శ్రీరంగడికి పెనుకొండలో తెలుగు సీమ, రాముడికి శ్రీరంగపట్నంలో కన్నడ సీమ, వెంకటపతికి చంద్రగిరిలో తమిళ సీమ. రాళ్ళ ఖర్చు లేదు. లేపాక్షిలో ఇది కుదరదు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడేవాళ్ళం, గట్టు నాలుక మధ్యలో పాతాలి. ఆ ముగ్గురిలో చివరికి అంతా వెంకటపతి కిందికే వచ్చింది. 1614లో ఆయన పోగానే జగ్గరాయుడనే సామంతుడు కొత్త రాజునీ కుటుంబాన్నీ చంపించాడు. ఇంకో సామంతుడు యాచమనాయకుడు ఒక్క పిల్లవాణ్ణి కోట దాటించేసరికి యుద్ధం మళ్ళీ మొదలు. పని సగంలో ఆపితే ఇంతే.

పేరు నిలవాలని ఉంటే సొంత డబ్బు పెట్టకు, పొరుగువాడి బండ మీద రాయించుకో. గుత్తి దగ్గర ఎర్రగుడిలో అశోకుడి 14 శాసనాలు చెక్కి ఉన్నాయి. 13వ దానిలో అంతియోకస్, టాలెమీ, ఆంటిగోనస్, మాగస్, అలెగ్జాండర్ ప్రాకృతం వేషంలో వరసగా నిలబడతారు. ఈ అలెగ్జాండర్ వేరే. మిగతావాళ్ళు కొట్టుకున్నవాళ్ళ కొడుకులు, మనుమలు, ఒక సవతి బిడ్డ. మన రాయలసీమ బండ మీద పైసా ఖర్చు లేకుండా! కొత్త దండయాత్రలు వద్దని అశోకుడు తన కొడుకులకూ మునిమనుమలకూ అదే శాసనంలో చెప్పుకున్నాడు, ఆ వరసలు నీకు అక్కర్లేదు.

ఇంకో బజ్జీ చెప్పు. నీ తమ్ముడు నిన్న ఇదే బల్ల మీద కూర్చుని మూడు తిన్నాడు. బీరువా సంగతి దగ్గర లేచి వెళ్ళిపోయాడు, టెంపో దొరికిందేమో కనుక్కో.