గడిచిపోతున్న కాలానికి ఒక టీక

మూలం: "నిన్నగాక మొన్న పుట్టినట్టుంది, అప్పుడే ఇంతదైపోయింది! కాలం ఎంత తొందరగా గడిచిపోతోందో!"

అవతారిక. ఈ వాక్యానికి కర్త ఒకడు కాడు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఏ ఓణీల ఫంక్షనుకెళ్లినా, ఏ గృహప్రవేశానికెళ్లినా, షామియానా కింద ఫ్యాను గాలి తగిలే కుర్చీ చూసుకుని కూర్చున్న ఒక పెదనాన్నో మేనమామో రెండో కాఫీ చేతికందగానే దీన్ని ప్రవచిస్తాడు. ఆపైన ఒక నిట్టూర్పు. చుట్టూ ఉన్నవాళ్లు వేదాంతం విన్నట్టు తలలూపుతారు. ఇంత ప్రచారంలో ఉన్న మూలానికి ఇన్నాళ్లూ వ్యాఖ్యానం లేకపోవడం తెలుగువారికి తలవంపులే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ సంస్కృత కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన మెతుకుసీమ వాడే, మనవాడే. అయినా ఆ రెండో ఒట్టు మాత్రం ఈ టీకాకారుడి వల్ల కాదు.

ప్రతిపదార్థం పిల్లలకు కూడా తెలుసు గనుక వదిలేస్తున్నాం. విచారించాల్సింది ఒక్కటే: 'గడిచిపోతోంది' అనే క్రియకు ఇక్కడ కర్త కాలం. అంటే చేసిన పనంతా కాలానిదే, చెప్పేవాడికి అందులో పాత్ర లేదు. ఇది శాస్త్రానికి నిలుస్తుందా? వైశేషికులు ద్రవ్యాలు తొమ్మిదన్నారు. కాలం అందులో ఒకటి. అది ఏకం, నిత్యం, విభువు. కదలిక అనేది మూర్తద్రవ్యాలకే, అంటే పృథివి, జలం, తేజస్సు, వాయువు, మనస్సు, ఈ అయిదింటికే చెల్లుతుంది. తర్కసంగ్రహంతో మొదలుపెట్టిన కుర్రవాడికి కూడా తట్టే సంగతి ఇది: అంతటా ఉన్నది ఎక్కడికి పోతుంది? పోవాలంటే తాను లేని చోటు ఒకటుండాలి గదా. కాబట్టి కాలం గడవలేదు. కదలగలిగినవాటి జాబితాలో మేనమామ శరీరం ఉంది, అది పార్థివం. ఆయన మనస్సూ ఉంది. కదలాల్సినవి ఇవి.

పూర్వపక్షం: ఇదంతా వాడుక, దీనికింత రాద్ధాంతం దేనికి? రేపల్లె ప్యాసింజర్లో కూర్చున్నవాళ్లు "తెనాలి వచ్చింది" అనరా? తెనాలి ఎక్కడికీ రాలేదు, వచ్చింది బండి. నిజమే, అది లక్షణ. కానీ రూఢి కాని లక్షణకు ప్రయోజనం ఉండాలని ఆలంకారికులు చెప్పారు. "తెనాలి వచ్చింది" అన్నవాడు పైనున్న సంచీ దించుకుని తలుపు దగ్గరికి నడుస్తాడు. తాను ప్రయాణం చేశానని అతనికి తెలుసు. "కాలం గడిచిపోయింది" అన్నవాడు కుర్చీలోంచి లేవడు. ఇక్కడ ప్రయోజనం, తాను కదలలేదన్న సంగతి బయటపడకుండా చూసుకోవడం.

బండి ప్రసక్తి వచ్చింది గనుక గడియారాల గురించి రెండు మాటలు. బెజవాడ నుంచి తెనాలి, బాపట్లల మీదుగా మద్రాసుకి లైను 1899లో కలిసింది. తెనాలి నుంచి రేపల్లెకి 1916లో బండి వచ్చింది. మొదటి లైను వేసిన రోజుల్లో రైళ్లన్నీ మద్రాసు టైము ప్రకారం నడిచేవి. అది గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. మద్రాసూ బాపట్లా దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి గనుక, ఆ రోజుల్లో బాపట్ల స్టేషన్లో గడియారం పన్నెండు చూపిస్తే సూర్యుడూ ఇంచుమించు నడినెత్తిన ఉండేవాడు. 1906 నాటికి మద్రాసు టైము పోయి, కాకినాడకు కాస్త తూర్పుగా పోయే 82½ డిగ్రీల రేఖను పట్టుకుని ప్రామాణిక కాలం వచ్చింది. గడియారాల ముళ్లు దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగాయి. ఈ ప్రాంతంలో ఎవరూ గడపకుండా కాలం తనంతట తాను గడిచిపోయి, మళ్లీ వెనక్కి రానిది ఆ తొమ్మిది నిమిషాలే. మేనమామ తన పద్దులో వాటిని తీసేసుకోవచ్చు, మిగతాదానికి జవాబు చెప్పాలి. ఇప్పటి లెక్కకి రేపల్లె సూర్యుడు గడియారం కన్నా ఏడు నిమిషాల లోపు, తెనాలి సూర్యుడు ఏడు నిమిషాల పైచిలుకు, బాపట్ల సూర్యుడు ఎనిమిది నిమిషాలు వెనక. పంచాంగం చూసి ముహూర్తాన్ని నిమిషాలతో సహా శుభలేఖలో అచ్చు వేయించేవాళ్లు ఏ ఊరి సూర్యుణ్ణి నమ్ముకున్నారో అడిగితే సిద్ధాంతిగారికి కోపం వస్తుంది. పైగా ఆ ముహూర్తానికి ఫోటోగ్రాఫరు సరేనంటేనే జీలకర్రా బెల్లమూ.

ప్రకృతం. పై లెక్కలో తేలేదొకటుంది: తెనాలి సూర్యుడికీ బాపట్ల సూర్యుడికీ తేడా నిమిషం కూడా లేదు. ఇప్పుడు పాఠాంతరం చూడండి. తెనాలిలో కొడుకు "కాలం పరుగెడుతోంది" అంటాడు. అదే రోజు బాపట్లలో అతని తల్లి, మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించి వసారాలో కూర్చుని, "పొద్దు గడవడం లేదు" అంటుంది. కాలమే పరుగెడుతుంటే ఇద్దరికీ ఒకటిగా పరుగెత్తాలి. వయసు పెరిగేకొద్దీ ఏళ్లు పొట్టివవుతాయనీ, యాభయ్యేళ్లవాడికి ఏడాదంటే బతుకులో యాభయ్యో వంతేననీ 1877లో పాల్ జానే అనే ఫ్రెంచి తత్త్వవేత్త ఒక లెక్క చెప్పాడు. నిట్టూర్చేవాళ్లకు ఇది మంచి ఆసరా. అయితే ఆ లెక్కన ఎనభయ్యేళ్ల తల్లికి ఏడాది ఇంకా పొట్టిగా ఉండాలి. లేదే! ఆవిడకి ఒక్క మధ్యాహ్నమే ఏడాదంత ఉంది. కనుక తేడా సూర్యుడిలో లేదు, వయసులో లేదు. వస్తారని చూసేవాళ్లకూ, రానివాళ్లకూ మధ్య ఉంది.

ఇక ప్రత్యక్ష ప్రమాణం. ఫంక్షనులో మూలవాక్యానికి గురైన ఆ పిల్ల చిన్ననాటి పట్టు పరికిణీ బీరువాలో ఉంటుంది, తీసి అడుగు అంచు చూడండి. పెరిగే పిల్ల గదా అని లోపలికి మడిచి టక్కులు వేయించి ఉంటారు. ఒక్కొక్క టక్కూ విప్పినచోట సూది బెజ్జాల వరసలుంటాయి. మడతలో దాగిన గుడ్డ ముదురు రంగు, పైనున్నది వెలిసిన రంగు. సంక్రాంతికి ఒకటి, ఉగాదికి ఇంకొకటి విప్పిన మనిషికి కాలం తొందరగా గడవలేదు. జానెడు జానెడుగా, చేతి మీదుగా గడిచింది. ఆవిడ ఈ మూలవాక్యాన్ని ఎన్నడూ పలకదు. ఆవిడ తేదీలు వేరు: కాలవలు కట్టేసిన నెలలో ఆటలమ్మ పోసింది, 2016 పుష్కరాలకి చంక దిగనని ఏడ్చింది. అంతకు ముందు తరంలో అయితే, 1977 ఉప్పెన నాటికి నీకింకా నడక రాలేదు, అని. చేసినవాళ్లకి కాలం గుర్తులతో ఉంటుంది. చూడనివాళ్లకే అది ఒక్క గుటకలో అయిపోతుంది.

మరొక ఆక్షేపణ: ఉద్యోగాలు, బాధ్యతలు, తీరిక ఎక్కడ? డాలస్‌లో ఉన్నవాడు ఈ మాటంటే టీకాకారుడు నోరెత్తడు, సముద్రాలు అడ్డం. రేపల్లె నుంచి తెనాలికి అడ్డం ఏముంది, వరిచేలు తప్ప? 2022లో బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి పోయి తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయిన మాట నిజమే. దానివల్ల కలెక్టరు మారాడు గాని కిలోమీటర్లు పెరగలేదు.

కనుక మూలాన్ని పరిష్కరించక తప్పదు. శోధిత పాఠం: "పిల్ల పుట్టినప్పుడు చూశాను, మళ్లీ ఇదే రావడం." కర్త మారింది, క్రియ మారింది, కాలం అన్న మాట ఎగిరిపోయింది. ఛందస్సు చెడిందని ఎవరైనా అంటారేమో, మూలంలోనూ అది లేదు. నిట్టూర్పు విషయంలో ప్రతులన్నీ ఏకీభవిస్తున్నాయి గనుక దాన్ని ఉంచేశాం. పక్కనే ఉన్న అక్కో చెల్లెలో దీనికి ఏం సమాధానం చెబుతుందో ఉత్తరగ్రంథం, ఆ భాగానికి టీక రాసే ధైర్యం మాకు లేదు.