కడుపు ఒప్పుకోని లోకం

బీటెక్‌లో ఎలెక్టివ్ ఎంచుకునే రోజున కుర్రకారు లెక్క చాలా సులువు. కాగితం మీద ఒకవైపు డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసెస్ ఉంటుంది, ఇంకోవైపు ఆగ్మెంటెడ్ అండ్ వర్చువల్ రియాలిటీ (ముద్దుగా ఏఆర్, వీఆర్). మొదటిదాని పేరు చదువుతుంటేనే కునుకొస్తుంది. రెండోదాంట్లో గేములుంటాయి. క్లాసు క్లాసంతా రెండోదానికే చెయ్యెత్తుతుంది. ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న అడిగేది ఒక్కటే ప్రశ్న: “ఉద్యోగాలొస్తాయంట్రా?” నాయనమ్మ మాత్రం ఇంకాస్త లోతుకు వెళుతుంది. “లేనిది ఉన్నట్టు చూపించడానికి లక్షలు పోసి చదవాలా నాయనా? మీ తాతయ్య పైసా ఖర్చు లేకుండా చూపించేవారు.”

సెమిస్టరు సగం గడిచేసరికి తత్వం బోధపడుతుంది. ఇది గేముల చదువు కాదు. కొంత లెక్కలు, కొంత ఓపిక, మిగతాదంతా జీర్ణకోశం. కొత్త లోకాన్ని కట్టడం అంత కష్టమేం కాదు, ఆ లోకం నిజమేనని కడుపును ఒప్పించడమే కష్టం.

అసలీ విద్య పెరిగింది యూనివర్సిటీల్లోనే. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే ప్రొఫెసరు హార్వర్డ్‌లో బాబ్ స్ప్రౌల్ తదితర విద్యార్థులను వెంటేసుకుని తలకు తగిలించుకునే తెర ఒకటి తయారుచేశాడు. అందులో కనిపించేది ఉత్త గీతలతో గీసిన ఘనం. అది ఎదురుగా ఉన్న గదిలోనే గాల్లో తేలుతున్నట్టు ఉండేది కాబట్టి వీఆర్‌కూ ఏఆర్‌కూ అదే తాతగారు. తల ఎటు తిరిగిందో కొలవడానికి కప్పు నుంచి ఓ యంత్రపు చెయ్యి వేలాడదీశారు. దానికి డామొక్లిస్ కత్తి అని పేరొచ్చింది. గ్రీకు కథలో గుర్రపు వెంట్రుకకు కట్టి, విందుకు కూర్చున్నవాడి నెత్తి మీద వేలాడదీసిన కత్తి అది. ల్యాబ్ సామానుకు పడే పేర్లలో నిజాయితీ అప్పటి నుంచీ ఉందన్నమాట. ఇప్పటి మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్ బరువు 515 గ్రాములు. కప్పుకు కట్టనక్కర్లేదు గానీ, అరగంట పెట్టుకుంటే మెడ తన సంగతి తాను చెబుతుంది.

ఇక మన కాలేజీ ల్యాబ్. సెక్షనులో అరవై మంది, బీరువాలో హెడ్‌సెట్ ఒకటి. తాళంచెవి ల్యాబ్ అసిస్టెంటు గారి జేబులో, ల్యాబ్ అసిస్టెంటు గారు టీ కొట్టు దగ్గర. కాబట్టి వర్చువల్ రియాలిటీని చాలామంది వర్చువల్‌గానే నేర్చుకుంటారు. ల్యాప్‌టాప్‌లో యూనిటీ అనే గేమ్ ఇంజిన్ పెట్టుకుని, మౌసును తల అనుకుని తిప్పుతారు. 2014లో గూగుల్ అట్ట డబ్బాతో చేసిన కార్డ్‌బోర్డ్ వదిలినప్పుడు పేద విద్యార్థికీ రోజులొచ్చాయనుకున్నారు. డబ్బా చవకే. తీరా ఫోన్‌లో జైరోస్కోప్ ఉండాలన్నారు, చవక ఫోన్లలో చాలావాటికి అది లేకపోయె. తల తిప్పితే లోకం తిరగదు. ఆ కాలపు విద్యార్థులు స్థిరచిత్తులు కావడానికి అదొక కారణం.

మొదటి ప్రాజెక్టు ఏమిటన్నదానికి జోస్యం అక్కర్లేదు. వర్చువల్ క్యాంపస్ టూర్. క్యాంపస్‌లోనే కూర్చుని, కిటికీలోంచి కనిపించే లైబ్రరీని చూడ్డానికి కళ్ళకు గంతలు కట్టుకునే ప్రాజెక్టన్నమాట. బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మలు కట్టే సాఫ్ట్‌వేర్) ముచ్చటగా కట్టిన లైబ్రరీని యూనిటీలోకి తెస్తే అది వెల్లకిలా పడుకుంటుంది. బ్లెండర్‌లో పైకి చూసేది జెడ్ అక్షం, యూనిటీలో వై. ఎగుమతి చేసేటప్పుడు ఆ ముక్క చూసుకోకపోతే భవనాలు పవళిస్తాయి. సరే, లేపి నిలబెడితే గోడలన్నీ కళ్ళు బైర్లుకమ్మే గులాబీ రంగులోకి మారిపోతాయి. షేడర్‌కూ ప్రాజెక్టులోని రెండర్ పైప్‌లైన్‌కూ పొత్తు కుదరనప్పుడు యూనిటీ పెట్టే కేక ఆ రంగు. దాన్నీ సరిచేసి, లైబ్రరీ ముందు ఒక కుర్చీ పెట్టి, గురుత్వాకర్షణ ఆన్ చేస్తే ఆ కుర్చీ నేలను చీల్చుకుని సెకనుకు సెకనుకు 9.81 మీటర్ల చొప్పున వేగం పెంచుకుంటూ పాతాళానికి పోతుంది. నేలకు, వస్తువుల్ని ఆపే కొలైడర్ తగిలించడం మరిచారు. సీతమ్మవారికైనా భూమి అడిగాకే చోటిచ్చింది, యూనిటీలో అడగకుండానే ఇస్తుంది.

యూనిటీ అక్షాలకు ఇంకో సుగుణం ఉంది, అవి ఎడమచేతి వాటం. గణితం పుస్తకాలేమో కుడిచేతి వాటం. పరీక్ష హాల్లో ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడు దిక్కులకు చాచి గాల్లో మెలితిప్పుతున్న కుర్రాణ్ణి చూసి, వెనక బెంచీకి సైగ చేస్తున్నాడని ఇన్విజిలేటరు పరుగెత్తుకొస్తే ఆయన్ని తప్పుపట్టలేం.

ఆపైన క్వాటర్నియన్లు. 1843 అక్టోబరు 16న డబ్లిన్‌లో కాలువగట్టున భార్యతో కలిసి నడుస్తున్న విలియం రోవన్ హామిల్టన్‌కు ఉన్నట్టుండి వాటి సమీకరణం తట్టింది. ఎక్కడ మరిచిపోతాడోనని బ్రూమ్ వంతెన రాతి మీద చాకుతో చెక్కేశాడు. ఆవిడ ఏమన్నదో చరిత్రకు పట్టలేదు. మూడు కోణాలతో తిప్పుడు లెక్క రాస్తే ఒక్కోచోట రెండు అక్షాలు ఒకదాని మీదొకటి పడి ఇరుక్కుపోతాయి. నాలుగు అంకెల క్వాటర్నియన్‌తో ఆ బెడద లేదు. అందుకే యూనిటీ తిప్పుళ్ళన్నీ లోపల క్వాటర్నియన్లలోనే దాచుకుంటుంది. పైకి మాత్రం మనకర్థమయ్యే మూడు కోణాలు చూపిస్తుంది. లోతుపాతులు తెలిస్తే తప్ప ఆ నాలుగు అంకెల జోలికి పోవద్దని దాని మాన్యువలే చెబుతుంది. ఈ ఒక్క సలహానూ విద్యార్థులు తు.చ. తప్పకుండా పాటిస్తారు.

ఇంత చేసీ చివరకు వ్యవహారం కడుపు దగ్గరికే వస్తుంది. కన్ను ‘నడుస్తున్నాం’ అంటుంది. లోపలి చెవిలోని తూకపు ద్రవం ‘అబద్ధం, కుర్చీలో ఉన్నాం’ అంటుంది. పై ఇద్దరికీ పొసగకపోతే శిక్ష పడేది కింద ఉన్న కడుపుకు. ఏ ఆఫీసులోనైనా ఇంతేగా. తల కదిలినప్పటి నుంచి తెర మీది బొమ్మ కదిలేదాకా 20 మిల్లీసెకన్లు మించకూడదన్నది ఈ రంగంలో పెద్దల మాట. సెకనుకు 72 బొమ్మలు చూపాలంటే ఒక్కో బొమ్మ గీయడానికి దొరికేది 14 మిల్లీసెకన్లలోపే. లైబ్రరీ ముందు ఆకులు లెక్కపెట్టగలిగేలా చెట్లు పెంచిన విద్యార్థికి అప్పుడు తెలుస్తుంది, మిత్రుడికి వాంతి తెప్పిస్తున్నది బొమ్మను ఆలస్యం చేస్తున్న ఆ చెట్లేనని. ఆ తరవాత అడవుల నరికివేత జోరుగా సాగుతుంది.

ఈ బాధను కొలవడానికి ఓ ప్రశ్నపత్రం కూడా ఉంది. అమెరికా నౌకాదళం వారి విమాన సిమ్యులేటర్ల అనుభవంతో 1993లో కెనడీ అనే పరిశోధకుడి బృందం దాన్ని వెలువరించింది. లక్షణాలు 16. తలనొప్పి, చెమట, నోట్లో నీళ్ళూరడం, కళ్ళు మూసుకుంటే తిరగడం, కళ్ళు తెరుచుకుంటే తిరగడం... అలా వెళ్ళి వెళ్ళి పదహారోది త్రేన్పులు. ఒక్కోదానికి లేదు, కొంచెం, మధ్యస్థం, తీవ్రం అని టిక్కు పెట్టాలి. ఇంజినీరింగ్ రికార్డులో ‘త్రేన్పులు: మధ్యస్థం’ అని రాసి సంతకం పెట్టించుకునే అదృష్టం ఏ ఇతర బ్రాంచీకీ లేదు.

మందు కనిపెట్టినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ బృందం 2015లో ఆటగాడి చూపు మధ్యలో, కింది అంచున, ఓ కృత్రిమ ముక్కు అతికించింది. మన ముక్కు మనకెప్పుడూ కనబడుతూనే ఉంటుంది, మెదడు పట్టించుకోదంతే. కదిలే లోకంలో కదలని వస్తువు ఒకటుంటే చూపు కుదుటపడుతుందని వాళ్ళ ఊహ. 41 మంది మీద పరీక్షిస్తే, ముక్కున్నవాళ్ళు ఇల్లు తిరిగి చూసే ఆటలో సగటున 94.2 సెకన్లు ఎక్కువ నిలిచారు. రోలర్ కోస్టర్‌లో 2.2 సెకన్లు. ముక్కు ఉన్నట్టు చాలామంది గమనించనేలేదట. ఈ ఆలోచన ఇచ్చింది డిగ్రీ చదువుతున్న ఓ కుర్రాడు. 2.2 సెకన్లేనా అని నవ్వేవాళ్ళు రోలర్ కోస్టర్‌లో తల తిరుగుతున్నప్పుడు రెండు సెకన్లు ఎంతసేపో ఒకసారి చూసి రావాలి.

ఉన్న లోకం మీదే బొమ్మను నిలబెట్టే ఏఆర్ వైపు కడుపు గొడవ తక్కువ, నేల గొడవ ఎక్కువ. టేబుల్ మీదో నేల మీదో బొమ్మ నిలబెట్టాలంటే ఫోన్‌కు ముందు అక్కడ పట్టు దొరకాలి. కెమెరా చూపులో మచ్చలు, మూలలు, గీతలు పోల్చుకుని, అవి ఎలా జరుగుతున్నాయో చూసి నేల ఎక్కడుందో లెక్కగడుతుంది. కొత్త అపార్ట్‌మెంట్‌లోని తళతళలాడే తెల్ల టైల్స్ మీద దానికేమీ దొరకదు. ఎన్ని లక్షలు పోసి వేయించినా సరే, ఆ ఫ్లాటుకు నేలే లేదంటుంది. అదే పాత ఇంటి మచ్చల మొజాయిక్ గచ్చయితే, ముగ్గేసిన వాకిలయితే ఇట్టే పట్టేస్తుంది. ఫోన్ ఆనవాలు పట్టడానికి గుర్తుగా వాడే బొమ్మల సంగతీ అంతే. వ్యుఫోరియా అనే సాఫ్ట్‌వేర్ బొమ్మకు సున్నా నుంచి ఐదు చుక్కలదాకా మార్కులేస్తుంది. కోసుగా ఉన్న మూలలుంటే మార్కులు, నున్నటి వంపులకు గుండుసున్నా. గుండ్రటి కాలేజీ లోగోకు ఎన్ని చుక్కలొచ్చాయో ప్రిన్సిపాల్ గారికి చెప్పే ధైర్యం ఏ బ్యాచికీ లేదు. పోనీ పట్టుచీర అంచు పెడదామంటే, వచ్చిన హంసే మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఏది ఏ హంసో తేల్చుకోలేక ఫోన్ తికమకపడుతుంది.

సిలబస్ సంగతి సిలబస్ కమిటీకే తెలియాలి. అందులో పేర్లు కనిపించే పరికరాలు ఒక్కటొక్కటే కాలం చేశాయి. గూగుల్ టాంగో 2018లో, డేడ్రీమ్ 2019లో, కార్డ్‌బోర్డ్ అమ్మకం 2021లో, గూగుల్ గ్లాస్ 2023లో, హోలోలెన్స్ 2 తయారీ 2024లో. యూనిట్ వన్ చదవడం కాదు, తద్దినాల పట్టిక వల్లెవేయడం. నిజంగా నేర్చుకోవాలనుకునేవాళ్ళకు దారి లేకపోలేదు. హెడ్‌సెట్ల కంపెనీ ఆక్యులస్ తొలినాళ్ళలో ముఖ్య శాస్త్రవేత్తగా పనిచేసిన స్టీవ్ లవాల్ ఐఐటీ మద్రాసులో చెప్పిన పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉన్నాయి, ఆయన పుస్తకం నెట్‌లో ఉచితం. తెరిస్తే కంటి నిర్మాణం, చెవిలో తూకం, మనిషి చూపు చేసే పొరపాట్లు అధ్యాయాలకు అధ్యాయాలు! కంప్యూటర్ పుస్తకమా, మెడిసిన్ పుస్తకమా అనిపిస్తుంది. ఈ సబ్జెక్టుకు సరైన పుస్తకం అలాగే ఉండాలి.

పాఠం చెప్పడమెలాగో కార్నెగీ మెలన్‌లో రాండీ పాష్ అనే ప్రొఫెసరు చూపించాడు. ‘బిల్డింగ్ వర్చువల్ వరల్డ్స్’ అని ఆయన పెట్టిన కోర్సులో రకరకాల డిపార్ట్‌మెంట్ల నుంచి 50 మందిని చేర్చుకుని, నలుగురేసి జట్లు కట్టి, రెండు వారాలకో లోకం కట్టించేవాడు. ప్రతిసారీ జట్టు మారాలి. నియమాలు రెండే: కాల్పులు వద్దు, అశ్లీలం వద్దు. ఆ రెండూ తీసేస్తే పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళ దగ్గర ఇక ఆలోచనలే మిగలవని ఆయనే తరవాత చమత్కరించాడు. మన దగ్గర అంత ఇబ్బంది లేదు. అవి తీసేసినా వర్చువల్ క్యాంపస్ టూర్ ఎలాగూ ఉంది.

ఎక్స్‌పో రోజు వస్తుంది. తల్లిదండ్రులొస్తారు. హెడ్‌సెట్ నురగ దిండుకు మొదటి పది నిమిషాల్లోనే మూడు రంగుల బొట్లు అంటుకుంటాయి. పట్టీ జడకు అడ్డం, కళ్ళజోడు పట్టీకి అడ్డం. ఓ మేడమ్ గారు వర్చువల్ లైబ్రరీలోకి వెళ్ళి, అక్కడి బల్ల మీద చెయ్యి ఆనించబోయి ముందుకు తూలితే, పట్టుకోవడానికి ప్రాజెక్టు జట్టులో ఒకడు ప్రత్యేకంగా ఉంటాడు. మిగతా ముగ్గురూ కోడ్ రాస్తారు, వాడు మనుషుల్ని పడతాడు. నిజానికి ఈ రంగంలో రేపు పనికొచ్చేవాడు వాడే. ఎవరు ఎక్కడ తూలారో, ఎవరికి ఎప్పుడు తిప్పిందో తెలిసింది వాడొక్కడికే.

కాబట్టి పాఠకులకు ఓ విన్నపం. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఆ పెట్టె పట్టుకొచ్చి “ఒక్కసారి చూడు పిన్నీ”, “పెట్టుకో మావయ్యా” అంటే కాదనకండి. భోజనం చేసిన వెంటనే మాత్రం వద్దు. కుర్చీలో కూర్చోండి, సీలింగ్ ఫ్యాను కింద నిలబడి చేతులు పైకెత్తకండి. తీశాక మొహమాటానికి ‘బ్రహ్మాండంగా ఉంది నాన్నా’ అని దీవించి పంపకండి. తల తిరిగితే తిరిగిందని, త్రేన్పులొస్తే ఎన్నొచ్చాయో లెక్కపెట్టి మరీ చెప్పండి. వాళ్ళ రికార్డులో పదహారో గడి నింపాలి.